ఇరాక్ దినార్: ఆశ, అవినీతి, అమానత్

ఇరాక్ దినార్ నోట్లు కొని దాచుకోవచ్చా? వాటి విలువ త్వరలో ఎన్నో రెట్లు పెరుగుతుందట, నిజమేనా? ఆ లాభం హలాల్ అవుతుందా? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మస్జిదులలో జుమా నమాజు తరువాత మమ్మల్ని అడిగే ప్రశ్నలలో ఇవి కూడా చేరాయి. అడిగేవారు సంపన్నులు కారు. సింగరేణిలో పదవీ విరమణ పొంది చేతికి వచ్చిన సొమ్మును ఎక్కడ పెట్టాలో తెలియని పెద్దలు, మిర్చి అమ్మిన డబ్బును ఆడపిల్ల పెళ్ళికని దాచిన తల్లిదండ్రులు, గల్ఫ్‌లో చెమటోడ్చి తిరిగివచ్చిన యువకులు. 25,000 దినార్ల నోటు ఒకటి రెండు వేల రూపాయలకే దొరుకుతుందని, దినార్ పాత విలువకు చేరుకోగానే ఆ ఒక్క నోటే లక్షలు తెచ్చిపెడుతుందని వారికెవరో చెప్పి ఉంటారు.

అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పి పంపితే ఆశ చావదు. దినార్ ఎలా పడిపోయిందో, ఇంకా ఎందుకు లేవలేకపోతున్నదో తెలుసుకుంటేనే ఇంటి సొమ్మును కాపాడుకునే వివేకం కలుగుతుంది.

పేరు ఒకటే, వస్తువు వేరు

దినార్ అనే మాట మన ఇళ్ళకు కొత్తది కాదు. దక్కన్‌లో నికాహ్ సమయంలో మహర్‌ను ప్రకటించేటప్పుడు రూపాయలతో పాటు 'దినారె సుర్ఖ్' అని కూడా పలికే ఆచారం ఉంది. సుర్ఖ్ అంటే ఎర్రనిది, అనగా మేలిమి బంగారపు దినార్. మన ప్రాంతపు హనఫీ పండితుల లెక్క ప్రకారం 20 దినార్లు ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాముల బంగారం. బంగారంపై జకాత్ నిసాబ్ కూడా అదే. ఈ లెక్కన ఒక్క దినార్‌లో 4.374 గ్రాముల బంగారం ఉంటుంది. దాని విలువ ఏ ప్రభుత్వం మాటపైనా ఆధారపడదు.

ఇరాక్ దినార్ అలాంటిది కాదు. అది కాగితం. దానిపై ఉన్న అంకెకు విలువ ఇచ్చేది ఆ దేశపు ఖజానా, ఆ ఖజానాను కాచేవారి నిజాయితీ. పేరులో బంగారం వినిపించడం వల్లనే చాలామంది మొదటి అడుగులో పొరపడుతున్నారు.

ఆ కాగితపు దినార్ పుట్టుకకు మన దేశంతో సంబంధం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సైన్యం ఇరాక్‌ను ఆక్రమించినప్పుడు భారత రూపాయి కూడా దాని వెంట వెళ్ళింది. 1932లో దినార్ వచ్చే వరకు బాగ్దాద్, బస్రా బజార్లలో చెల్లింది ఆ రూపాయే. ఒక దినార్‌ను ఒక బ్రిటిష్ పౌండ్‌కు సమానం చేసి, 13 రూపాయల 5 అణాల 4 పైలుగా లెక్క కట్టారు. ఆనాడు మన జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాలు నిజాం రాజ్యంలో ఉండేవి. ఇక్కడ చెల్లిన హాలీ సిక్కా 7 రూపాయలు, బ్రిటిష్ ఇండియా రూపాయలు 6 సమానం. ఆ లెక్కన మన తాతల కాలంలో ఒక ఇరాక్ దినార్ కొనడానికి హాలీ సిక్కా పదిహేనున్నర రూపాయలకు పైగా కావలసివచ్చేది. 1948లో నిజాం రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తరువాతి దశాబ్దంలో హాలీ సిక్కా చెలామణి నుండి తొలగిపోయింది. రాజ్యం పోతే దాని కాగితం ఏమవుతుందో మన ప్రాంతపు ఇళ్ళకు తెలియని విషయం కాదు.

మూడు డాలర్ల నుండి మూడు వేల దినార్ల దాకా

చమురు సంపదతో ఇరాక్ వెలిగిన కాలంలో ఒక దినార్ మూడు డాలర్లకు పైగా పలికింది. 1980 నుండి 1988 వరకు ఇరాన్‌తో యుద్ధం ఆ సంపదను హరించింది. 1990 ఆగస్టులో సద్దాం హుసేన్ ప్రభుత్వం కువైట్‌ను ఆక్రమించింది. ఐక్యరాజ్యసమితి ఆంక్షలు విధించింది. చమురు అమ్మకం ఆగిపోయింది. ఖర్చులకు డబ్బులేని ప్రభుత్వం నాసిరకపు కాగితంపై సద్దాం బొమ్మతో హద్దు లేకుండా నోట్లు ముద్రించింది. 1995 చివరికి ఒక డాలర్‌కు సుమారు 3,000 దినార్లు ఇవ్వవలసి వచ్చింది. జీవితకాలపు పొదుపు రెండు మూడు నెలల కిరాణాకు కూడా చాలక ఉపాధ్యాయులు, వైద్యులు సైతం ఇంటి సామాను, పుస్తకాలు అమ్ముకున్న రోజులవి.

2003లో అమెరికా దండయాత్ర తరువాత, అక్టోబరు 15 నుండి 2004 జనవరి 15 వరకు పాత నోట్లను మార్చి కొత్తవి ఇచ్చారు. అమ్మకందారులు చూపించేవి ఆ కొత్త కాలపు నోట్లే. సద్దాం బొమ్మ ఉన్న నోట్లు ఆనాడే చెల్లకుండా పోయాయి. తరువాత చాలా ఏళ్ళు డాలర్‌కు 1,200 దినార్లకు కాస్త అటూ ఇటూగా నిలిచింది. 2020 డిసెంబరులో ప్రభుత్వమే దాని విలువను తగ్గించి 1,450 దగ్గర నిలిపింది. 2023 ఫిబ్రవరిలో కొంత పెంచి 1,300 చేసింది. అంటే 2010లో దినార్లు కొని 'పెరుగుదల' కోసం కూర్చున్నవారు డాలర్ లెక్కలో ఈనాటికీ నష్టంలోనే ఉన్నారు.

ఖజానాకు కన్నం

ఇరాక్ పేద దేశం కాదు. దాని భూగర్భంలో సుమారు 14,500 కోట్ల పీపాల చమురు ఉంది. ఒపెక్ దేశాలలో సౌదీ అరేబియా తరువాత పెద్ద ఉత్పత్తిదారు అదే. ప్రభుత్వ ఆదాయంలో 90 శాతం దాకా చమురుదే. అయినా వేసవిలో గంటల తరబడి కరెంటు ఉండదు. 2018లో బస్రా నగరంలో కలుషిత నీటి వల్ల లక్ష మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. చమురు పుట్టే నగరంలోనే తాగునీరు లేదు.

కారణం వెతికితే 2003 తరువాత ఏర్పడిన పాలనా పద్ధతి కనిపిస్తుంది. పదవులను వర్గాల వారీగా, పార్టీల వారీగా పంచుకుంటారు. మంత్రిత్వ శాఖ అంటే ప్రజల అమానత్ అన్న భావన పోయి, పార్టీకి దక్కిన వాటా అన్న భావన పాతుకుపోయింది. ఫలితాలు లోకమంతా చూసింది. 2014 జూన్‌లో మోసుల్ నగరం ఐసిస్ చేతిలో పడిపోయింది. కాగితంపై అక్కడ పెద్ద సైన్యమే ఉంది. అదే సంవత్సరం నవంబరు చివర ప్రధాని హైదర్ అల్ అబాదీ, సైన్యంలో 50,000 మంది పేర్లకే ఉన్నారని, వారి జీతాలు ఎవరెవరో తింటున్నారని పార్లమెంటులో ప్రకటించారు. ఆ మోసుల్‌లోనే కూలి పనికి వెళ్ళిన 39 మంది భారతీయులు అపహరణకు గురయ్యారు. వారు మరణించారని 2018 మార్చిలో మన ప్రభుత్వం ధ్రువీకరించింది. దొంగ హాజరు పట్టీకి ఎవరి ప్రాణాలు మూల్యమయ్యాయో ఆలోచించండి.

2022లో మరొక వ్యవహారం బయటపడింది. 2021 సెప్టెంబరు నుండి 2022 ఆగస్టు వరకు, ప్రభుత్వ బ్యాంకులోని పన్నుల శాఖ ఖాతా నుండి 247 చెక్కుల ద్వారా ఐదు కంపెనీలు 3.7 లక్షల కోట్ల దినార్లు తీసుకుపోయాయి. అది సుమారు 250 కోట్ల డాలర్లు. ఇరాక్ ప్రజలు దీనిని 'శతాబ్దపు దోపిడీ' అని పిలుస్తారు.

డాలర్ల అమ్మకంలోనూ ఇదే కథ. ఇరాక్ చమురు సొమ్ము న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. అక్కడి నుండి వచ్చే డాలర్లను ఇరాక్ కేంద్ర బ్యాంకు దిగుమతుల కోసం అధికారిక రేటుకు అమ్మేది. దొంగ బిల్లులు చూపి ఆ డాలర్లను చౌకగా కొని, బయట ఎక్కువ ధరకు అమ్ముకున్నవారు కోట్లు గడించారు. 2023 జూలైలో అమెరికా 14 ఇరాక్ బ్యాంకులను డాలర్ లావాదేవీల నుండి నిషేధించింది. అధికారిక రేటు 1,300 ఉండగా బజారులో డాలర్‌కు అంతకంటే ఎక్కువ దినార్లు ఇవ్వవలసి రావడానికి మూలం ఇదే.

2019 అక్టోబరులో ఇరాక్ యువత ఈ వ్యవస్థకు ఎదురు తిరిగింది. వర్గభేదం మరచి ఉద్యోగం, కరెంటు, నీరు, న్యాయం కోరింది. వందలాది మంది ప్రాణాలు అర్పించారు. ప్రధాని ఆదిల్ అబ్దుల్ మహ్దీ రాజీనామా చేశారు. పంపకాల పద్ధతి మాత్రం మిగిలింది.

ఇదే బాగ్దాద్‌లో ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) 'కితాబుల్ ఖరాజ్' రచించారు. పన్నుల వసూలును గుత్తకు ఇవ్వవద్దని, వసూలుదారులుగా విశ్వాసపాత్రులను ఎన్నుకోవాలని, అన్యాయానికి గురైనవారి మొర స్వయంగా వినాలని ఆయన ఖలీఫాకు హితవు చెప్పారు. ఆయన గురువు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఖలీఫా మన్సూర్ ఇవ్వజూపిన న్యాయాధిపతి పదవిని నిరాకరించి చెరసాల పాలయ్యారు. హిజ్రీ 150లో బాగ్దాద్‌లోనే కన్నుమూశారు. ఒక దేశపు నాణెం నిలబడటానికి కావలసిన విలువలు ఆ నేలకు తెలియనివి కావు.

లెక్క ఏమంటుంది?

దినార్ మళ్ళీ మూడు డాలర్లు అవుతుందన్న మాటను లెక్కతోనే పరీక్షించవచ్చు. ఇరాక్ చెలామణిలోకి వదిలిన నోట్ల విలువ సుమారు 100 లక్షల కోట్ల దినార్లు. ఒక్కొక్కటి 3.2 డాలర్లు కావాలంటే 320 లక్షల కోట్ల డాలర్లు కావాలి. లోకంలోని దేశాలన్నీ కలిసి ఒక సంవత్సరంలో సృష్టించే సంపద అందులో సగం కూడా కాదు. ఇరాక్ కేంద్ర బ్యాంకు నిల్వలు సుమారు లక్ష మిలియన్ డాలర్లు, అనగా 10,000 కోట్లు. మూడు డాలర్ల మాట పక్కన పెట్టండి, ఒక్క డాలర్ కూడా సాధ్యం కాదు.

కువైట్‌ను ఉదాహరణగా చూపేవారున్నారు. ఆక్రమణలో చెల్లకుండా పోయిన కువైట్ దినార్ 1991లో మళ్ళీ నిలబడిన మాట నిజం. అయితే కువైట్ సంపద విదేశాలలో భద్రంగా ఉండింది, ప్రభుత్వం తిరిగి వచ్చింది, హద్దు లేని ముద్రణ జరగలేదు. ఇరాక్‌లో జరిగింది దీనికి పూర్తిగా భిన్నం.

మూడు సున్నాలు తీసేస్తారన్న మాట కూడా ఎన్నో ఏళ్ళుగా వినవస్తున్నది. ఒకవేళ తీసేసినా, 25,000 నోటు ఇచ్చినవారికి 25 కొత్త దినార్లు వస్తాయి. వాటితో కొనగలిగేది మునుపటి సరుకే. 2005లో టర్కీ ఆరు సున్నాలు తొలగించింది, దానితో ఎవరూ ధనవంతులు కాలేదు. 1957లో మన రూపాయికి 16 అణాలు పోయి 100 నయా పైసలు వచ్చినప్పుడు రూపాయి విలువ పెరిగిందా?

ఈ ఆశను అమ్మి బాగుపడినవారు మాత్రం ఉన్నారు. అమెరికాలోని అట్లాంటాలో ఒక సంస్థ 60 కోట్ల డాలర్లకు పైగా విలువైన దినార్ల వ్యాపారం చేసింది. విలువ పెరగబోతోందని పుకార్లు పుట్టించినందుకు దాని నిర్వాహకులను 2018లో న్యాయస్థానం దోషులుగా తేల్చింది.

షరీఅత్ ఏమంటుంది?

ఒక దేశపు కరెన్సీని మరొక దేశపు కరెన్సీతో మార్చుకోవడం మూలంలో ధర్మసమ్మతమే. ఫిఖా గ్రంథాలలో దీనిని 'సర్ఫ్' అంటారు. మన మదరసాలలో చదివే 'ఖుదూరీ'లోనూ ఆ అధ్యాయం ఉంది. దానిని రచించిన ఇమామ్ కూడా బాగ్దాద్ వాసే. సర్ఫ్‌కు నియమం చేతికి చేయి. ఇప్పుడు డబ్బు ఇచ్చి, నోట్లు నెల తరువాత తీసుకునే ఒప్పందం ఆ నియమానికి విరుద్ధం.

మోసం ఉన్నచోట లావాదేవీ రూపం సరిగా ఉన్నా సరిపోదు. ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని చూసిన దైవప్రవక్త (స), కొనేవారికి కనబడకుండా ఆ తడిని దాచినవానిని తీవ్రంగా మందలించారు. పట్టు బట్టల వ్యాపారి అయిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ), లోపమున్న బట్టను ఆ లోపం చెప్పి అమ్మమని భాగస్వామికి పురమాయించారు. అతడు మరచి అమ్మేశాడు. కొన్నవాని జాడ దొరకక, ఇమామ్ ఆ సొమ్మంతా దానం చేశారు. విలువ పెరగదని తెలిసి, పెరుగుతుందని చెప్పి బంధువులకు, పొరుగువారికి నోట్లు అంటగట్టేవారు తమను ఈ త్రాసులో తూచుకోవాలి. కమీషన్ ఎంత తక్కువైనా అది హలాల్ కాదు.

దేశపు చట్టం మాట కూడా ఉంది. విదేశీ కరెన్సీని రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్నవారి వద్దనే కొనాలి, అమ్మాలి. చేతుల మీదుగా కొన్న నోట్లకు రసీదు ఉండదు. అమ్మబోతే బ్యాంకు తీసుకోదు.

ఇంట్లో చేయవలసినవి

ఇప్పటికే దినార్లు ఉన్నవారు జకాత్ లెక్కలో వాటిని తప్పక చేర్చాలి. లెక్క కట్టవలసింది ఆనాటి బజారు ధర ప్రకారం, ఆశించిన ధర ప్రకారం కాదు. అనుమతి ఉన్న మార్పిడిదారు తీసుకుంటే నేటి ధరకే మార్చుకోవడం మేలు. నష్టం వచ్చిందని మరొక అమాయకుని వెతకవద్దు. అప్పు తెచ్చి, నగలు కుదువబెట్టి కొనడం ఎంతమాత్రం తగదు. అందులో వడ్డీ పాపం కూడా కలుస్తుంది.

ఇంటి యజమాని ఇలాంటి నిర్ణయాన్ని భార్యకు చెప్పకుండా తీసుకోకూడదు. పెళ్ళికని దాచిన సొమ్ములో ఆమె శ్రమ ఉంది. తల్లి ఇచ్చిన నగ అయినా, మహర్ అయినా అది ఆమె సొంత ఆస్తి, ఆమె మనఃపూర్వక అనుమతి లేకుండా దానిని ముట్టుకునే హక్కు భర్తకు లేదు. మహర్‌లో దినారె సుర్ఖ్ పలికిన ఇళ్ళు ఆ బంగారాన్ని నిజంగా చెల్లించడంపై శ్రద్ధ పెడితే, కాగితపు దినార్ల కోసం ఎదురుచూసే దానికంటే ఆ ఇంటి స్త్రీకి గొప్ప భద్రత కలుగుతుంది.

ఇరాక్ మన సోదరుల దేశం. అక్కడ తండ్రి జీతం నెలాఖరు దాకా రావాలని, కుళాయిలో మంచినీరు రావాలని, పదవి పొందినవాడు అల్లాహ్ ఎదుట జవాబు చెప్పాలన్న భయంతో సంతకం పెట్టాలని మనం దుఆ చేద్దాం. అది జరిగిన నాడు దినార్ కూడా మెల్లగా, న్యాయంగా బలపడుతుంది. అందులో మనకు వాటా లేకపోయినా అదే మన కోరిక కావాలి.