లూప్ లైన్లో కాపురం

"ఏడేళ్లు విడిగా ఉంటే విడాకులయిపోయినట్టే కదా మాస్టారూ, ఇంకా కోర్టెందుకు?" టాటానగర్ స్టేషన్ దగ్గరి మా బాగ్‌బేరా తెలుగు ఇళ్లలో ఈ మాట విని విని విసుగొచ్చింది. మొన్న ఒకావిడ రేషన్ కార్డుతో కలిపి దాచుకున్న స్టాంపు కాగితం తెచ్చి చూపించింది. నాలుగు మడతలు, ప్రతి మడత దగ్గరా చిరుగు. కింద అయిదుగురు పెద్దమనుషులు. నాలుగు సంతకాలు, ఒక వేలిముద్ర. "ఇవే మా తెగతెంపులు" అంది.

ఈ ఏడేళ్ల లెక్క ఊరికే పుట్టలేదు. మనిషి బతికున్నాడన్న కబురు ఏడేళ్లపాటు అయినవాళ్లకెవరికీ అందకపోతే, హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద విడాకులు అడగొచ్చు. అడగొచ్చు, అంతే, వాటంతటవే రావు. ఈవిడ భర్తేమో జుగ్సలాయి బజార్లో రోజూ కూరలు బేరమాడుతూ కనిపిస్తాడు! ఇక ఆ కాగితం సంగతి. కులాచారం ప్రకారం విడిపోవడాన్ని 29వ సెక్షన్ ఒప్పుకుంటుంది గానీ, అలాంటి ఆచారం నిజంగా ఉందని రుజువు చెయ్యాలి. సంతకాలతో ఆచారం పుట్టదు.

రెండో పెళ్లి ఆలోచన లేదు, విడాకులన్న పేరూ వద్దు, ఆ మనిషితో మాత్రం ఉండలేను అనేవాళ్లకి 1955 నాటి ఆ చట్టంలోనే 10వ సెక్షన్ ఉంది: జ్యుడీషియల్ సెపరేషన్. చర్చి పెళ్లిళ్లకి 1869 నాటి చట్టంలో ఇలాంటిదే ఉంది.

టాటానగర్ స్టేషన్ పక్కన బతికేవాణ్ణి, రైలు భాషలోనే చెబుతాను. విడాకులంటే బోగీని లెక్కల్లోంచి కొట్టేయడం. ఇదేమో కప్లింగ్ విప్పి లూప్ లైన్లో నిలబెట్టడం. బండితోపాటు పరిగెత్తక్కర్లేదు, అంటే కాపురం చెయ్యాల్సిన బాధ్యత ఉండదు. వేరే ఇంజను తగిలిస్తే మాత్రం నేరం, ఏడేళ్ల దాకా జైలు. ఏడు అంకె ఇక్కడ నిజమే! మనసులు కలిస్తే అర్జీ పెట్టుకుని డిక్రీ రద్దు చేయించుకోవచ్చు.

అసలు సంగతి బోగీ మీది నంబరు. అది చెరిగిపోదు. భర్త వీలునామా రాయకుండా పోతే పిల్లలతో సమానంగా భార్యకీ వాటా వస్తుంది. రైల్వే పింఛను నియమాల్లో కుటుంబమంటే ఇలా విడిగా ఉన్న భార్య కూడా. వ్యభిచారం కారణంగా ఇచ్చిన డిక్రీ అయితే లెక్క వేరు. భరణమూ అడగొచ్చు. మా కాలనీలో సగం వాదనలు పింఛను దగ్గరే తేలతాయి కాబట్టి ఇంత సాగదీశాను.

కారణాలు విడాకులకున్నవే: క్రూరత్వం, రెండేళ్లు వదిలేసి పోవడం వగైరా. పెళ్లయిన ఏడాదిలోపు మామూలుగా విడాకుల అర్జీ తీసుకోరు. దీనికి ఆ అడ్డు లేదు. ఒక మెలిక మాత్రం ఉంది. డిక్రీ వచ్చాక ఏడాదిపాటు మళ్లీ కలవకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులకి వెళ్లొచ్చు. 1976 దాకా ఆ గడువు రెండేళ్లు.

పెళ్లి శ్రీకాకుళంలో జరిగినా, భార్య తానున్న చోటే అర్జీ వెయ్యొచ్చు. దానికీ ముహూర్తం అడిగేవాళ్లున్నారు. జాతకాలు చూసి కట్టిన తాళే ఇక్కడిదాకా తెచ్చింది, ఇంకా పంచాంగమేమిటి? అమావాస్య నాడు వేసినా కోర్టు ఫీజు అంతే.

అంతా విని ఆ స్టాంపు కాగితం ఆవిడ అడిగింది: "పెళ్లి ఫోటో ఒక్కటే ఉంది మాస్టారూ. అందులో ఆయన మొహం గీకీసినాను. పనికొస్తాదా?"

శుభలేఖ ఉందేమో వెతకమన్నాను.