గాలిలో ఎరువు, కంకిలో తాలు

కార్బన్ డయాక్సైడ్ మొక్కకు ఆహారమే కదా, గాలిలో అది పెరిగితే పంటకు మంచిదే కదా? భూతాపం మాట ఎత్తగానే ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. ఎండిన వరిగడ్డి బరువులో దాదాపు నలభై శాతం కార్బనే. అదంతా ఆకుల గుండా గాలిలోంచి వచ్చిందే తప్ప నేలలోంచి వచ్చింది కాదు. నెదర్లాండ్స్‌లో గాజు గృహాల్లో టమాటా పండించే రైతులు లోపలి గాలిలో ఈ వాయువును కావాలనే 800 నుంచి 1000 పీపీఎం దాకా పెంచుతారు. దిగుబడి పెరుగుతుంది కాబట్టే ఆ ఖర్చు పెట్టుకుంటారు.

పీపీఎం అంటే పది లక్షల పాళ్ల గాలిలో ఎన్ని పాళ్లు అన్న లెక్క. బొగ్గుతో నడిచే యంత్రాలు రాకముందు గాలిలో ఈ వాయువు 280 పీపీఎం ఉండేది. చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద కొలవడం మొదలుపెట్టేనాటికి 315 దగ్గరికి చేరింది. 2024 సగటు 424. అంటే ఒకటిన్నర రెట్లు. ఇంత ఎరువు ఊరికే గాలిలోకి వచ్చి పడితే పొలాలు విరగపండాలి కదా. ఎందుకు పండటం లేదో తెలియాలంటే మనం రోజూ తినే వరినే పట్టుకుని చూడాలి.

ఆకులోకి చేరిన కార్బన్ డయాక్సైడ్‌ను అందుకునేది రుబిస్కో అనే ఎంజైమ్. దాని పని చాలా నెమ్మది. దాని ఒక్కో క్రియాశీల స్థానం సెకనుకు ఏ మూడో నాలుగో అణువులను మాత్రమే పట్టగలదు. అందుకే మొక్క దాన్ని కుప్పలుగా తయారు చేసుకోవాలి. వరి ఆకులో ఉండే మొత్తం నత్రజనిలో దాదాపు పావు వంతు ఈ ఒక్క ప్రోటీన్‌కే పోతుంది. ఇంత పెట్టుబడి పెట్టినా దానికో లోపం ఉంది. కార్బన్ డయాక్సైడ్‌ బదులు ఒక్కోసారి ఆక్సిజన్‌ను పట్టేస్తుంది. గాలిలో ఆక్సిజన్ ఇరవై ఒక్క శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. ఆ రద్దీలో నాలుగైదు సార్లకు ఒకసారి పొరపాటు జరుగుతుంది. తప్పుగా పట్టిన దాన్ని సరిదిద్దుకోవడానికి మొక్క అప్పటికే సంపాదించుకున్న కార్బన్‌లో కొంత వదులుకోవాలి, శక్తీ ఖర్చు పెట్టాలి. దీన్ని కాంతి శ్వాసక్రియ అంటారు.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఈ పొరపాట్లు తగ్గుతాయి. ఎండ వేడి పెరిగితే ఇవే పొరపాట్లు ఎక్కువవుతాయి. కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే లాభంలో కొంతను అది తెచ్చే వేడి ఆకులోనే, అదే ఎంజైమ్ దగ్గరే వెనక్కి లాక్కుంటుంది. ఈ రెండిటినీ విడదీసి, ఒక్క లాభాన్నే లెక్క వేసి చూపడం సరైన శాస్త్రం కాదు.

అన్ని పంటలకూ ఈ లాభం ఒకేలా అందదు. వరి, గోధుమ, వేరుశనగ, కంది, పత్తి, మిరప సి-3 మొక్కలు. వాటిలో రుబిస్కో పై చెప్పిన తీరులోనే తంటాలు పడుతుంది. జొన్న, మొక్కజొన్న, సజ్జ, రాగి, చెరకు సి-4 మొక్కలు. ఇవి ఆకు ఈనెల చుట్టూ ఉన్న ప్రత్యేక కణాల్లోకి కార్బన్ డయాక్సైడ్‌ను పంపు చేసుకుని, రుబిస్కో చుట్టూ ఆ వాయువు నిండుగా ఉండేలా చూసుకుంటాయి. ఈ ఏర్పాటు వివరాలను 1966లో ఆస్ట్రేలియాలో చెరకు మీద పనిచేస్తూ హాచ్, స్లాక్ బయటపెట్టారు. నిండుగా ఉన్నచోట ఇంకొంచెం పోస్తే ఏమొస్తుంది? జొన్నకు, మొక్కజొన్నకు గాలిలోని అదనపు ఎరువు వల్ల ఒరిగేది తక్కువ. బెట్ట కాలంలో మాత్రం కొంత ఊరట దొరుకుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్నప్పుడు ఏ మొక్క అయినా పత్రరంధ్రాలను కొంత మూసుకుంటుంది, నీటి ఆవిరి తక్కువగా పోతుంది. పొలంలో తుంగ, గరిక, ఊద కూడా సి-4 మొక్కలే. ఎండలు ముదిరి నీళ్లు చాలనప్పుడు వరి కంటే అవే నిలదొక్కుకుంటాయి.

వరికి లాభం ఎంత? మొదట్లో కుండీల్లో, మూసిన గదుల్లో చేసిన ప్రయోగాలు చాలా ఆశ చూపించాయి. తర్వాత శాస్త్రవేత్తలు నేరుగా రైతుల పొలాల్లాంటి మళ్లలోనే గొట్టాలు వలయంగా అమర్చి, గాలి వాటాన్ని బట్టి వాయువును వదులుతూ పంట కాలమంతా పరీక్షించడం మొదలుపెట్టారు. జపాన్‌లోని షిజుకుయిషిలో 1998లో వరి మీద ఇలాంటి ప్రయోగం మొదలైంది. చైనాలోనూ చేశారు. బయటి గాలి కంటే 200 పీపీఎం ఎక్కువ ఇచ్చినప్పుడు ధాన్యం దిగుబడి పది నుంచి పదిహేను శాతం దాకా పెరిగింది. గదుల్లో కనిపించినంత పెరుగుదల ఆరుబయట రాలేదు. నత్రజని తక్కువ వేసిన మళ్లలో అదీ రాలేదు. వేరుశనగ, కంది లాంటివి వేరు బుడిపెలలో సొంతంగా నత్రజని సమకూర్చుకుంటాయి కాబట్టి వాటికి ఈ అడ్డంకి కొంత తక్కువ.

పదిహేను శాతం చిన్న సంఖ్య కాదు. కానీ ఆ లెక్కలన్నీ పూత సవ్యంగా సాగిన పంటవి. అసలు గండం పూత దగ్గరే ఉంది.

ఈనిన వరి కంకిని పొద్దున తొమ్మిదిన్నర, పది గంటల వేళ వంగి చూడండి. ఊకగా మారబోయే రెండు పొట్టు రేకులు మెల్లగా విడతాయి. లోపలి నుంచి ఆరు కేసరాలు బయటికి సాగుతాయి. వాటి చివర లేత పసుపు తిత్తులు ఉంటాయి. అడుగున ఈకల్లాంటి రెండు కీలాగ్రాలు. తిత్తి చీలి పుప్పొడి ఆ ఈకల మీద రాలాలి. పుప్పొడి రేణువుకు ప్రాణం కొద్ది నిమిషాలే. గంట తిరిగేసరికి పువ్వు మూసుకుంటుంది, మళ్లీ ఎప్పటికీ తెరుచుకోదు. కంకిలోని పూలన్నీ పైనుంచి కిందికి విచ్చడానికి వారం లోపు పడుతుంది. పంట కాలం నూట ఇరవై రోజులైనా, ఒక్కో గింజ భవిష్యత్తు తేలేది ఆ ఒక్క గంటలోనే.

ఆ గంటలో పువ్వు దగ్గర వేడి 35 డిగ్రీలు దాటితే తిత్తిలో రేణువులు సరిగ్గా ఉబ్బవు, తిత్తి సరిగ్గా చీలదు. రాలిన కాస్త పుప్పొడి కూడా మొలకెత్తదు. పొలం పచ్చగానే ఉంటుంది, కంకులు నిటారుగానే ఉంటాయి. నూర్పిడి రోజున తూర్పార పడితే తాలు గాలికి కొట్టుకుపోతుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. దాళ్వా వరి డెల్టాల్లో చాలాచోట్ల మార్చిలో ఈనుతుంది. యాసంగి వరి తెలంగాణలోనూ దాదాపు అప్పుడే. ఎండలు పది రోజులు ముందే ముదిరితే పంట నేరుగా ఆ గండంలోనే పూస్తుంది.

ఇక్కడ మరో చిక్కు ఉంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పత్రరంధ్రాలు కొంత మూసుకుని నీళ్లు ఆదా అవుతాయని పైన చెప్పాను. ఆకు నుంచి ఆవిరయ్యే నీరే పైరును చల్లబరిచేది. ఆవిరి తగ్గితే పైరు వేడెక్కుతుంది, కంకీ వేడెక్కుతుంది. జపాన్ శాస్త్రవేత్తల ప్రయోగాల్లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉన్నప్పుడు వరి ఇంకా తక్కువ వేడికే తాలు పోయింది. నీటి ఆదా అని మనం సంతోషించే గుణమే పూత రోజున శత్రువు అవుతోంది. ఆస్ట్రేలియాలోని రివరీనా ప్రాంతంలో బయటి వేడి 35 డిగ్రీలు దాటినా వరి గింజ కడుతుంది. అక్కడి గాలి పొడిగా ఉండి నీరు బాగా ఆవిరవుతుంది, పైరు గాలి కంటే ఆరేడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. మన కోస్తాలో గాలి తేమతో బరువెక్కి ఉంటుంది, ఆ వెసులుబాటు తక్కువ. వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి పంట సంగతి చెప్పలేం.

పగటి వేడి సంగతి ఇదైతే, రాత్రి వేడి ఇంకా నిశ్శబ్దంగా నష్టం చేస్తుంది. పగలంతా తయారు చేసుకున్న పిండి పదార్థంలో కొంత మొక్క రాత్రి శ్వాసకు ఖర్చు పెడుతుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే అంత ఖర్చు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లో 1992 నుంచి 2003 దాకా నమోదైన దిగుబడులను ఉష్ణోగ్రతలతో పోల్చి 2004లో ఒక వ్యాసం ప్రచురించింది. ఎండాకాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పది శాతం పడిపోయిందని అందులో తేలింది. ఆ పది శాతం మీద తర్వాత చర్చ జరిగింది గానీ, రాత్రి వేడి వరికి చెరుపన్న మాట నిలిచింది. గింజ పాలు పోసుకునే రోజుల్లో రాత్రులు వెచ్చగా ఉంటే పిండి రేణువులు వదులుగా పేరుకుని గింజ మధ్యలో సుద్దలాంటి తెల్ల మచ్చ పడుతుంది. అలాంటి బియ్యం మరలో విరుగుతుంది.

వేసవి ఎండలో పండి ఆరిన ధాన్యం మర ఆడిస్తే నూక ఎక్కువ రావడం తెలంగాణ రైతుకు, మిల్లరుకు కొత్త విషయం కాదు. యాసంగి ధాన్యాన్ని ఉప్పుడు బియ్యం చేసేది అందుకే. నానబెట్టి ఆవిరి పట్టిస్తే గింజలో పగుళ్లు అతుక్కుంటాయి. 2021-22లో ఉప్పుడు బియ్యం కొనుగోలు మీద కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య నడిచిన వివాదం అందరికీ గుర్తుంది. అది రాజకీయ వివాదంగానే మిగిలిపోయింది. దాని అడుగున గింజ పగిలే ఉష్ణోగ్రత అనే శాస్త్ర విషయం ఉందని, ఎండలు పెరిగేకొద్దీ ఆ చిక్కు ముదురుతుందని పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడి ఉండాల్సింది.

తాలు పోకుండా, నూక కాకుండా చేతికొచ్చిన గింజ సంగతేమిటి? జార్జియా దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఇరాక్లీ లోలాడ్జె అనే గణిత శాస్త్రవేత్త 1990ల చివర ఒక ప్రయోగం గురించి విన్నాడు. నాచుకు వెలుతురు ఎక్కువ ఇస్తే అది గుబురుగా పెరిగింది. కానీ దాన్ని తినే చిన్న చిన్న జలజీవులు తిండి దండిగా ఉన్నా నీరసించాయి. నాచులో పిండి పెరిగి, ఆ జీవులకు కావాల్సిన భాస్వరం పలచబడింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మన తిండి గింజల్లోనూ ఇదే జరగదా అని ఆయన 2002లో రాశాడు. అప్పటికి చాలినంత సమాచారం లేదు. పన్నెండేళ్లు ప్రపంచమంతటి ప్రయోగ ఫలితాలు పోగుచేసి 2014లో చూపించాడు: మొక్కల్లో ఖనిజాలు సగటున ఎనిమిది శాతం తగ్గుతున్నాయి.

వరి మీద 2018లో వచ్చిన పరిశోధన నన్ను ఎక్కువ కలవరపెట్టింది. చైనా, జపాన్ పొలాల్లో పద్దెనిమిది రకాల వరిని 570 నుంచి 590 పీపీఎం కార్బన్ డయాక్సైడ్‌లో పండించారు. ఈ శతాబ్దంలోనే మన గాలి చేరగల స్థాయి అది. ప్రోటీన్ సగటున పది శాతం, ఇనుము ఎనిమిది, జింకు ఐదు శాతం తగ్గాయి. బి1 విటమిన్ పదిహేడు శాతం, ఫోలేట్ ముప్పై శాతం తగ్గాయి. కారణంలో కొంత మళ్లీ రుబిస్కో దగ్గరే ఉంది. వాయువు పుష్కలంగా దొరికితే మొక్క ఆ ఖరీదైన ప్రోటీన్‌ను తక్కువ తయారు చేస్తుంది. నత్రజని తక్కువ పేరుకున్న ఆకు నుంచి గింజకు వెళ్లేదీ తక్కువే. మూడు పూటలా కూర, పప్పు, గుడ్డు, పాలు ఉన్న ఇంట్లో ఈ తేడా తెలియదు. పళ్లెంలో మూడొంతులు అన్నమే ఉన్న ఇంట్లో తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు స్త్రీలలో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. ఆ అన్నంలోంచి ఇనుము ఇంకాస్త జారిపోతే ఆ ఇళ్లలో దేనితో పూడ్చాలి?

ఆకులో నత్రజని తగ్గడాన్ని పురుగు కూడా పసిగడుతుంది. హైదరాబాద్‌ సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థలో పైకప్పు లేని గదుల్లో 550, 700 పీపీఎం దగ్గర ఆముదం పెంచి, ఆ ఆకులను దాసరి పురుగులకు, లద్దె పురుగులకు మేపి చూశారు. బలం తక్కువైన ఆకును అవి ఎక్కువగా తిన్నాయి, గొంగళి దశలోనే ఎక్కువ రోజులు ఉన్నాయి.

ఉపగ్రహ చిత్రాల్లో భూమి పచ్చబడుతోందన్నది నిజమే. 1980ల నుంచి ఆకుల విస్తీర్ణం పెరిగింది, అందులో పెద్ద వాటా కార్బన్ డయాక్సైడ్‌దేనని 2016లో లెక్క తేల్చారు. భారతదేశంలో కనిపించే పచ్చదనంలో అధిక భాగం బోర్లు, కాలువలు, ఎరువులతో రెండో పంట వేసిన పొలాలదని 2019 పరిశోధన చెప్పింది. ఆకు పచ్చదనాన్ని గింజగా లెక్కగట్టడంలోనే అందరం మోసపోతున్నాం.

చేయగలిగినవి లేకపోలేదు. ఉత్తరాది పాత రకం నగీనా 22 వేడిని ఓర్చుకోవడంలో పేరు పొందింది, ప్రపంచమంతటా వరి పరిశోధకులు దాన్ని వాడుతున్నారు. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ 2016లో జింకు ఎక్కువగా ఉండే డీఆర్ఆర్ ధాన్ 45 రకాన్ని విడుదల చేసింది. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి పొద్దెక్కకముందే పూస్తుంది. దాని జన్యు భాగాన్ని సాగు వరిలోకి తెస్తే పూత గంటన్నర, రెండు గంటలు ముందుకు జరిగింది. ఎండ ముదిరేలోపు పువ్వు తన పని ముగించుకుంటుంది.

అలాంటి రకాలు మన పొలాలకు చేరేదాకా చేతిలో ఉన్నది తేదీ ఒక్కటే. దాళ్వా నాట్లు రెండు వారాలు ముందుకు జరిగితే పూత మార్చి ఎండలకు ముందే ముగుస్తుంది. దానికి సార్వా కోతలు ముందే పూర్తవ్వాలి, అంటే జూన్‌లోనే కాలువలకు నీళ్లు రావాలి, నారు అప్పటికే సిద్ధంగా ఉండాలి. రైతు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కాలువకు నీరు వదిలే తేదీని పూత తేదీ నుంచి వెనక్కి లెక్కగట్టి ఖాయం చేయాల్సింది నీటిపారుదల అధికారులు, వ్యవసాయ శాఖ కూర్చుని.