గుడ్డ గుట్టు పోగులో ఉంది

పట్టుచీర కొనేటప్పుడు అనుభవమున్న పెద్దవాళ్లు ఏం చేస్తారో గమనించారా? చీర చెంగున వేలాడే పోగుల్లోంచి ఒకటి తీసి, అగ్గిపుల్ల గీసి అంటిస్తారు. పొగ వాసన చూస్తారు. మిగిలిన బూడిదను వేళ్ల మధ్య నలుపుతారు. "అసలైన పట్టే" అనో, "ఇందులో కల్తీ ఉంది" అనో తేల్చేస్తారు. దుకాణంలో ఇది బేరంలో ఒక భాగమే కావచ్చు గాని, నిజానికి చక్కని రసాయన పరీక్ష.

పట్టు కాలితే వెంట్రుక కాలిన కమురు వాసన వస్తుంది. ఎందుకంటే మన వెంట్రుక, గొర్రె ఉన్ని, పట్టుపురుగు గూడు మూడూ ప్రోటీన్లే. వాటిలో నత్రజని ఉంటుంది. వెంట్రుకలోనూ ఉన్నిలోనూ అదనంగా గంధకం కూడా ఉంటుంది. పట్టుపోగు మంటకు ముడుచుకుపోయి, చివరన నల్లటి ఉండ కడుతుంది. నలిపితే అది పొడి అయిపోతుంది. నూలుపోగు అలా కాదు. కాగితంలాగే భగ్గున మండి, కాగితం వాసనే వేసి, తేలికైన బూడిద మిగులుస్తుంది. రెండూ సెల్యులోజ్‌తో తయారైనవే కనుక ఇందులో ఆశ్చర్యం లేదు.

ఇక పాలియెస్టర్ పోగును అంటించండి. అది మంట నుంచి వెనక్కు ముడుచుకుంటుంది, కరుగుతుంది, నల్లటి పొగ వదులుతుంది. చల్లారాక గట్టి పూసలాంటి ఉండ మిగులుతుంది. ఎంత నలిపినా అది పొడి కాదు. (ఈ పరీక్ష చేయదలిస్తే పెద్దవాళ్లు పక్కన ఉండగానే చేయాలి. పోగును పట్టకారుతో పట్టుకోవాలి, పక్కన చెంబెడు నీళ్లు ఉంచుకోవాలి. చేసేది ఒక్క పోగుతోనే. గుడ్డముక్కతో చేయకూడదు.)

నూలు ఎందుకు కరగదు, పాలియెస్టర్ ఎందుకు కరుగుతుంది? పత్తికాయలో గింజ పైపొర మీద మొలిచే ఒక్కొక్క పీచూ ఒకే ఒక జీవకణం. దాని పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. కాయ పగిలి ఎండ తగలగానే లోపలి తేమ ఆరిపోయి, పీచు చదునై రిబ్బనులా మెలికలు తిరుగుతుంది. ఈ మెలికలే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కనుక ఇంత పొట్టి పీచుల్ని కలిపి దారం వడకగలుగుతున్నాం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నని ఖాదీ దారం వడకడానికి ముందు దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ చిన్న చిన్న పళ్లు చెత్తను తీసేసి, పీచుల్ని ఒక వరుసకు తెస్తాయి. అంతకన్నా మంచి దువ్వెన ఎవరు చేయగలరు!

ఈ పీచులో వేలాది గ్లూకోజ్ అణువులు దండలా గుచ్చుకుని సెల్యులోజ్ గొలుసులవుతాయి. గొలుసుకీ గొలుసుకీ మధ్య పట్టు చాలా గట్టిది. వేడిచేస్తే ఆ గొలుసులు విడివడి జారేలోపే అణువులు విచ్ఛిన్నమై మండిపోతాయి. కరిగే అవకాశమే లేదన్నమాట.

నైలాన్‌ను 1935లో అమెరికాలో కరోథర్స్ బృందం తయారుచేసింది. పాలియెస్టర్ దారాన్ని 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనుగొన్నారు. అదే తరువాత టెరిలిన్ పేరుతో ప్రసిద్ధికెక్కింది. వీటి దారం తీసే పద్ధతి మన ఇళ్లలో జంతికలు వత్తినట్లే ఉంటుంది. పదార్థాన్ని కరిగించి, సన్నని రంధ్రాలున్న పళ్లెం గుండా నెడతారు. బయటికి వచ్చిన తీగలు గాలికి గట్టిపడతాయి. కరిగించి చేసిన దారం వేడి తగిలితే మళ్లీ కరుగుతుంది. పాలియెస్టర్‌కు అది సుమారు 260 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర జరుగుతుంది. గ్యాసు పొయ్యి మంట అంతకన్నా ఎన్నో రెట్లు వేడి.

ఇక్కడే జాగ్రత్త పడవలసిన విషయం ఉంది. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. నూలు మండటానికి 18 శాతం ఉంటే చాలు. అంటే మామూలు గాలిలో అది హాయిగా మండుతుంది, పలచని వదులు బట్ట మరీ త్వరగా మండుతుంది. ఉన్నికి దాదాపు 25 శాతం కావాలి, కనుక మంట తీసేస్తే చాలావరకు తానే ఆరిపోతుంది. పాలియెస్టర్ నూలంత సులభంగా అంటుకోదు గాని, కరిగి ఒంటికి అతుక్కుంటుంది. మరి రెండూ కలిపి నేసిన టెరికాటన్ మాటేమిటి? కరిగిన పాలియెస్టర్ కింద కారిపోకుండా నూలుపోగులు దీపపువత్తిలా పట్టి ఉంచి మండిస్తాయి. చాలామంది పిల్లల యూనిఫారాలు ఈ రకం గుడ్డవే.

బట్టలంటుకుంటే పరుగెత్తకూడదు, పరుగు మంటకు గాలి అందిస్తుంది. నేలమీద పడి దొర్లాలి, లేదా నీళ్లు పోయాలి. "కంబళి కప్పండి" అని పెద్దలు చెప్పింది అసలైన ఉన్ని గొంగళి గురించి. ఇప్పుడు మనం కప్పుకునే మెత్తని రగ్గుల్లో చాలావరకు పాలియెస్టర్‌వే, ఉన్నిలా కనిపించే స్వెటర్లలో చాలా వాటిది అక్రిలిక్. కనుక ఉన్ని దొరకకపోతే తడిపిన మందపాటి నూలు దుప్పటి వాడాలి. కాలినచోట ఇరవై నిమిషాలపాటు ధారగా చల్లని నీళ్లు పోయాలి. చర్మానికి అతుక్కున్న గుడ్డను లాగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. టూత్‌పేస్టు, సిరా లాంటివి ఏవీ పూయకూడదు.

నీటి విషయంలోనూ పోగులన్నీ ఒక్కలాంటివి కావు. పూర్తిగా ఆరబెట్టిన 100 గ్రాముల ఉన్నిని 65 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచితే సుమారు 16 గ్రాముల నీటిని పీలుస్తుంది. పట్టు 11 గ్రాములు, నూలు 8, నైలాన్ 4. పాలియెస్టర్ అర గ్రాము కూడా పీల్చదు. సెల్యులోజ్ గొలుసు పొడవునా ఉండే హైడ్రాక్సిల్ గ్రూపులు నీటి అణువుల్ని ఆకర్షిస్తాయి, పాలియెస్టర్ గొలుసులో అలాంటి ఆకర్షణ చాలా తక్కువ. మే నెలలో నూలు చొక్కా చెమటను పీల్చుకుంటే, పాలియెస్టర్ చొక్కా వీపుకి అంటుకుపోయేది అందుకే. వానాకాలంలో ఆ పాలియెస్టరే గంటలో ఆరిపోయి మేలు చేస్తుంది!

చివరగా చిన్న ప్రయోగం. నూలుదారం ముక్కలు, రేయాన్ దారం ముక్కలు తీసుకోండి. కొన్ని పొడిగా, కొన్ని తడిపి, ఒక్కొక్కదానికి బరువులు కడుతూ ఎంతకు తెగుతాయో చూడండి. రేయాన్ కూడా సెల్యులోజే, అయితే కలపగుజ్జును రసాయనాల్లో కరిగించి తీసిన దారం. తడిసిన రేయాన్ తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది. నూలు తడిస్తే మాత్రం బలం ఇంకా పెరుగుతుంది. చాకిరేవులో బండకేసి బాదినా నూలుపంచె ఏళ్ల తరబడి నిలిచింది ఈ గుణంవల్లే.