పురుగుల స్టాండు మనమే చేసుకోవచ్చు, చెదల మందు మాత్రం పూయొద్దు



వడ్రంగి కూలి ఎక్కువైంది, కొమ్మ మేపు స్టాండు మనమే చేసుకోవచ్చా అని గ్రూపులో కొందరు అడిగారు. చేసుకోవచ్చు. రంపం పట్టడం, బోల్టు బిగించడం వస్తే చాలు. అయితే కొలతలకు ముందు నేను చేసిన తప్పు చెప్తాను. అది మీరు చేయకూడదు.

నేను మొదటి స్టాండు చేసినప్పుడు పని బాగా కుదిరింది. ఇంత కష్టపడి చేసిన కట్టెకు చెదలు పడతాయేమోనని భయపడి అంగట్లో చెదల నూనె తెచ్చి రెండు కోటింగులు పూసినాను. వాసన పోయేదాకా వారం ఆరబెట్టినాను. తర్వాత మూడో జ్వరం లేచిన పురుగుల్ని దాని మీద వేసినాము. తెల్లారి చూస్తే పురుగులు తల ఊపుతా, నోట్లోంచి పచ్చ నీళ్ళు కక్కుతా ఉండాయి. పక్క తోటలో ఎవరో మందు కొట్టినారు, ఆకు చెడిపోయిందని ఇంట్లో అనుకున్నాము. కానీ చోటు చాలక కింద నేల మీద పెట్టిన పురుగులు అదే ఆకు తిని చక్కగా ఉండాయి. అప్పుడు అర్థమయింది, తప్పు ఆకుది కాదు, కట్టెది. సాయంత్రానికి స్టాండు మీది పురుగులన్నీ గుంతలోకి పోయినాయి.

చెదల్ని చంపే మందు పట్టుపురుగునూ చంపుతుంది, రెండూ పురుగులే కదా. వాసన పోయినంత మాత్రాన మందు పోయినట్టు కాదు, కట్టెలో ఇంకిపోయి ఉంటుంది. అందుకే ఆ కట్టెలు పీకి తోట కంచెకు వాడేసినాను. ఇప్పుడున్న స్టాండు రెండోసారి చేసింది.

కట్టె: మావైపు నీలగిరి, సిల్వర్ ఓక్ సులభంగా దొరుకుతాయి. హోసూరు, కృష్ణగిరి పక్క వాళ్ళకు సవుకు కట్టె కూడా ఉంది. పచ్చి కట్టె వెంటనే వాడొద్దు. ఎండేకొద్దీ అది వంకర పోతుంది, చీలుతుంది, బోల్టులు వదులవుతాయి. తొక్క తీసి, కింద రాళ్ళు పెట్టి, నీడలో కొన్ని నెలలు ఆరనివ్వాలి. పాత కట్టె కొంటే అది ఎక్కడ ఉండిందో అడగండి. పురుగుమందులు నిలవ చేసిన చోటి కట్టె, పొగాకు ఆరబెట్టిన చోటి కట్టె ఊరికే ఇచ్చినా తేవొద్దు.

కొలతలు: వెడల్పు 5 అడుగులు పెట్టుకోండి. రెండు పక్కలనుంచీ చెయ్యి మధ్యదాకా అందుతుంది. పొడవు 20 అడుగులు, అంతస్తులు 3. మొదటి అంతస్తు నేలకు 1 అడుగు ఎత్తులో, అక్కడినుంచి 2 అడుగులకు ఒకటి. అంటే 1, 3, 5 అడుగుల దగ్గర వస్తాయి. ఒక అంతస్తుకు 100 చదరపు అడుగులు, స్టాండుకు 300. ఇట్లాంటివి రెండు చేస్తే 600 చదరపు అడుగులు, 100 గుడ్ల (మావైపు మొట్టలంటారు) మేపుకు ఇక్కట్టు లేకుండా సరిపోతుంది. స్టాండు చుట్టూ 3 అడుగుల దారి వదలండి.

బిగింపు: ముందు నేల మీద చట్రాలు చేసుకోవాలి. చట్రానికి ఐదున్నర అడుగుల కాళ్ళు రెండు, 5 అడుగుల అడ్డకట్టెలు మూడు. కాలులో అర అంగుళం లోతు గాడి తీసి అడ్డకట్టెను అందులో కూర్చోబెట్టి, బర్మాతో రంధ్రం చేసి 10 ఎం.ఎం. బోల్టు వేయండి. బరువు గాడి మీద పడుతుంది, బోల్టు పట్టుకుంటుంది. బిగించే ముందు ఈ మూలనుంచి ఆ మూలకు రెండు వైపులా టేపు పట్టి చూడండి. రెండూ సమానమైతేనే చట్రం సరిగ్గా ఉన్నట్టు. ఇట్లాంటి 5 చట్రాలు 5 అడుగులకు ఒకటి నిలబెట్టి, అడ్డకట్టెల మీద పొడవు కట్టెలు రెండంచులా ఒక్కోటి, మధ్యలో ఒకటి వేయండి. వాటి మీద నైలాన్ వల బిగువుగా లాగి కట్టండి. రెండు కొనల్లోనూ, పొడవు వైపునా ఏటవాలుగా ఒక్కో కట్టె కొట్టడం మరవొద్దు. అది లేకపోతే నాలుగో జ్వరం లేచినాక కొమ్మల బరువుకు స్టాండు ఊగుతుంది.

మేకులు తగ్గించి బోల్టులే వాడండి, అవి కూడా జింకు పూత ఉన్నవి. మనం కొట్టే బ్లీచింగు ఇనుమును తినేస్తుంది. బోల్టులైతే పంట అయినాక విప్పి, కట్టెల్ని కడిగి ఎండలో వేయొచ్చు. 100 లీటర్ల నీళ్ళకు 2 కిలోల బ్లీచింగు, 300 గ్రాముల నీళ్ళు చల్లి ఆర్చిన సున్నం కలిపి బాగా తడిసేలా కొట్టాలి. తోటలో మందు కొట్టే పంపు దీనికి వాడొద్దు. కట్టెలో చీలికలుంటే మైనం పెట్టి మూసేయండి. ఊజీ పురుగు చీలికల్లో దూరి ప్యూపాగా మారుతుంది.

చెదలకు ఏం చేయాలి అంటారా? ప్రతి కాలి కిందా చీమల గిన్నె పెడతాం కదా, అదే చాలు. కాలిని నేరుగా నీళ్ళలో పెడితే పుచ్చిపోతుంది. గిన్నె మధ్యలో నీటి కంటే ఎత్తుగా ఒక రాయి పెట్టి దాని మీద కాలు నిలపండి. కట్టె మట్టిని తాకదు, చెద ఎక్కదు, చీమా రాదు. స్టాండు గోడకు తగలకూడదు, కొమ్మలు నేలకు వేలాడకూడదు. రంగు, వార్నీషు ఏదీ వద్దు.

చివరగా ఒక మాట. కొత్త స్టాండు మీద పంటంతా ఒకేసారి వేయకండి. ముందురోజు 20 పురుగుల్ని వేసి ఆకు పెట్టి చూడండి. తెల్లారి అవి బాగా తింటుంటేనే మిగతావి ఎక్కించండి. నేను ఆ పని చేసి ఉంటే ఆ పంట మిగిలేది.

మీరు చేసిన స్టాండు ఫొటో గ్రూపులో పెట్టండి. కొలతల్లో అనుమానముంటే అడగండి, తెలిసింది చెప్తాను.