ఎద్దు వెనక కాలు ఈడిస్తే తప్పు పాలేరుదేనా?

సంక్రాంతికి ముందు, శివరాత్రి తిరునాళ్ళకు ముందు ఒంగోలు జాతి ఎడ్ల కొట్టాల దగ్గర తరచుగా వినపడే మాట ఇది: "నిన్నటిదాకా బండ బాగానే లాగింది. ఇయ్యాళ వెనక కాలు ఈడుస్తోంది. దెబ్బ లేదు, వాపు లేదు. ఏమైందో అంతుబట్టటం లేదు."

అంతుబట్టని జబ్బుకు మన ఊళ్ళల్లో ముందుగా దొరికేది మందు కాదు, ముద్దాయి. ఆ ముద్దాయి పాలేరు. "ఏరా, ఎక్కడ పడేశావు? ముల్లుకర్రతో ఎక్కడ పొడిచావు?" అని యజమాని గద్దిస్తాడు. పందేలకు పెంచే జత ఖరీదు పాలేరు ఏళ్ళ తరబడి రెక్కలు ముక్కలు చేసుకున్నా సంపాదించలేనంత ఉంటుంది. ఉలవలు ఉడకబెట్టి పెట్టేదీ, కడిగేదీ, తోలేదీ, రాత్రి కొట్టంలో పడుకునేదీ అతనే. గెలిచినప్పుడు ఫోటోలో యజమాని ఉంటాడు. కుంటినప్పుడు నేరం పాలేరు నెత్తిన పడుతుంది, జీతంలో కోత కూడా పడవచ్చు.

పందెం ఎద్దుల సంగతి అలా ఉంచినా, ఒక్క జత ఎడ్లను నమ్ముకుని నాలుగు ఎకరాలు దున్నుకునే, బాడుగ సేద్యం చేసుకునే చిన్న రైతుకు ఒక ఎద్దు కుంటితే ఆ కారు పోయినట్టే. రెండో ఎద్దు ఉన్నా ఒంటెద్దుతో కాడి కట్టలేడు. కాబట్టి వెనక కాలి కుంటు గురించి ఎడ్లను మేపే ప్రతి కూలీ, ప్రతి చిన్న రైతూ తెలుసుకోవాల్సింది చాలా ఉంది.

మూడు తప్పుదారులు

మొదటిది వాతలు. కీలు మీద ఎర్రగా కాల్చిన కడ్డీతో చురకలు పెడతారు. లోపల పట్టిన చిప్పను గానీ, గిట్టలో దిగిన మేకును గానీ వాత బయటికి తియ్యదు. పైన పుండు పడుతుంది, ఈగలు వాలి పురుగులు పడతాయి. ఒక జబ్బు రెండవుతుంది.

రెండోది నొప్పి సూది. పందెం రేపనగా ఎవరో ఒకరు వచ్చి సూది వేసిపోతారు. నొప్పి తెలియని ఎద్దు బండ లాగుతుంది. నొప్పి అనేది కాలు పెట్టే మొర. దాని నోరు నొక్కేసి లాగిస్తే చిన్న బెణుకు పెద్ద తెగుడు అవుతుంది. పైగా పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని ప్రభుత్వం 2006లోనే నిషేధించింది. ఆ మందు పడిన కళేబరాలను తిన్న రాబందులు గుంపులు గుంపులుగా చచ్చిపోవటం వల్ల ఆ నిషేధం వచ్చింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను కూడా పశువులకు వాడకుండా నిషేధించారు. ఇంకొక ప్రమాదం ఉంది. పిరుదులో ఎక్కడ పడితే అక్కడ సూది దించితే కాలి పెద్ద నరం దెబ్బతిని, లేని కుంటు కొత్తగా వస్తుంది. సూది వేసిన మర్నాటి నుంచీ గిట్ట ముందుకు ముడుచుకుని ఈడుస్తుంటే ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

మూడోది సంత. "ఇది ఇంక పనికిరాదు" అని వచ్చిన ధరకు అమ్మేస్తారు. వీటిలో ఒక పూట వైద్యంతో బాగయ్యేవి కూడా ఉంటాయి. కొన్న బేరగాడికి ఆ సంగతి తెలుసు, అమ్మిన రైతుకు తెలియదు.

కింద నుంచి పైకి చూడాలి

కుంటే ఎద్దును కట్టుగొయ్య దగ్గర చూస్తే ఏమీ తెలియదు. గట్టి నేల మీద నడిపించి వెనక నుంచి చూడాలి. నొప్పి ఉన్న పక్క తుంటి ఎక్కువగా ఎగిరి పడుతుంది. కాలు పెట్టినా బరువు నిలపకుండా తొందరగా తీసేస్తుంది. మెత్తటి దుక్కిలో నడిపిస్తే అడుగుల గుర్తులు పడతాయి. బాగున్న కాలి అడుగు ఎంత దూరంలో పడింది, కుంటి కాలిది ఎంత దూరంలో పడిందో పోల్చుకోవచ్చు. కుడివైపుకూ ఎడమవైపుకూ గుండ్రంగా తిప్పి చూడాలి.

తర్వాత గిట్ట దగ్గర మొదలుపెట్టాలి. పశువుల కుంటులో ఎక్కువ భాగం గిట్టలోనే ఉంటుంది. కాలు ఎత్తి, బురద కడిగి, రెండు గిట్టల నడిమి సందులో రాయి, ముల్లు, గాజుపెంకు ఉందేమో చూడాలి. గిట్ట వేడిగా ఉందేమో చేత్తో పట్టి, రెండో కాలి గిట్టతో పోల్చాలి. నాడాలు కొట్టించి రెండు మూడు రోజులే అయితే అనుమానం ముందు మేకు మీదే పడాలి. మేకు పచ్చి మాంసంలోకి దిగినా, దాని పక్కనే వెళ్ళినా లోపల చీము పడుతుంది. ఒక్కో మేకును చిన్న సుత్తితో తడితే ఏ మేకు దగ్గర కాలు లాక్కుంటుందో అక్కడే దోషం.

గిట్ట బాగుంటే మడమ కీలు, దానిపైన మోకాలు, ఆపైన తుంటి వరసగా తడిమి చూడాలి. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. వెనక కాలులో వెనక్కి పొడుచుకు వచ్చినట్టు కనపడే కీలు మోకాలు కాదు, అది మడమ. అసలు మోకాలు పొట్ట పక్కన, తొడ కింద ఉంటుంది. చిప్ప ఉండేది అక్కడే. అంతుబట్టని కుంటుకు తాళంచెవి చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

చిప్ప పట్టిన ఎద్దు

మన దేశపు ఎడ్లలో బాగా ఎక్కువగా కనపడే జబ్బు ఇది. మోకాటి చిప్పను కాలి ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టెలు మూడుంటాయి. జనం వీటినీ నరాలనే అంటారు. వీటిలో లోపలి వైపు పట్టె తొడ ఎముక గట్టు మీద కొక్కెంలాగా తగులుకుంటుంది. అప్పుడు కాలు వంగదు. కర్రలాగా వెనక్కి చాపుకుని ఉండిపోతుంది. ఎద్దు గిట్ట ముందు భాగాన్ని నేలకు ఈడుస్తుంది. తర్వాత ఒక్క కుదుపుతో పట్టు వదిలి కాలు ముందుకు విసిరినట్టు పడుతుంది.

మొదట్లో ఇది ఉండి ఉండి వస్తుంది. పొద్దున లేవగానే, చలి రోజుల్లో, చాలాసేపు పడుకుని లేచినప్పుడు పట్టేస్తుంది. నాలుగడుగులు నడిచాక సర్దుకుంటుంది. అందుకే డాక్టరు వచ్చే వేళకు ఎద్దు బాగానే నడుస్తుంది, చెప్పిన పాలేరు అబద్ధాలకోరు అవుతాడు! వాపు ఉండదు, జ్వరం ఉండదు, మేత మానదు. గిట్ట ముందు కొన అరిగి ఉందేమో చూడండి. అరుగుదల అబద్ధం చెప్పదు. పట్టేసినప్పుడు కొట్టి ముందుకు తోలకూడదు. నెమ్మదిగా వెనక్కి నడిపిస్తే కొన్నిసార్లు వదులుతుంది.

దీనికి చేసే ఆపరేషన్ చాలా చిన్నది. మొద్దుబారే మందు ఇచ్చి, లోపలి పట్టెను అది కాలి ఎముకకు అంటుకునే చోట కోస్తారు. చాలా ఎడ్లు కట్లు విప్పి లేపగానే మామూలుగా నడుస్తాయి. తర్వాత రెండు వారాలైనా విశ్రాంతి ఇవ్వాలి, గాయాన్ని శుభ్రంగా ఉంచాలి, కాడి ఎప్పుడు కట్టాలో డాక్టరే చెప్పాలి. చిన్నదే గదా అని నాటువైద్యుడి కత్తికి అప్పగించకూడదు. మూడు పట్టెల్లో తప్పు పట్టె తెగితే ఆ ఎద్దు ఇంక కోలుకోవటం కష్టం.

ఆలస్యం చెయ్యకూడని కుంటు

పుష్టిగా ఉన్న కుర్ర పశువు తొలకరి రోజుల్లో ఉన్నట్టుండి కుంటుతూ, ఒళ్ళు కాలిపోతూ ఉంటే, తొడ మీద వాపును నొక్కితే లోపల గాలి ఉన్నట్టు చరచరమంటే అది జబ్బవాపు. పాలపళ్ళ, రెండు పళ్ళ పందేలకు మేపే కోడెల వయసులోనే ఇది ఎక్కువ. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. గంటల మీద డాక్టరును పిలవాలి. వానలకు ముందే టీకా వేయిస్తే ఈ బాధే ఉండదు. నోట్లో పుండ్లు, చొంగ, గిట్టల సందులో పుండు ఉంటే గాలికుంటు. మిగతా పశువులకు దూరంగా కట్టాలి. జ్వరంతో ఇయ్యాళ ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటితే మూడు రోజుల జ్వరం కావచ్చు.

ఎడ్లు ముందే చెప్పిన సంగతి

ఒక ఎద్దు కుంటితే ఎద్దులో వెతకాలి. ఊళ్ళో ఎడ్లన్నీ బిగుసుకుపోతుంటే నీళ్ళల్లో వెతకాలి. ఈ పాఠం నేర్పింది మన నేలే.

1930ల మొదట్లో అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతాల రైతులు తమ ఎడ్లు కీళ్ళ నొప్పులతో బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని గమనించారు. అది కాలి దెబ్బ కాదు, అంటురోగమూ కాదు. కొన్నేళ్ళకు అదే జబ్బు మనుషుల్లోనూ బయటపడింది. 1937లో షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద వ్యాసం అచ్చువేశారు. మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బు గురించి వచ్చిన మొదటి శాస్త్రీయ నివేదిక అదే. వంగిన నడుములు, గారపళ్ళు, తిరగని మెడలు ఆ తర్వాత నల్లగొండలోనూ, ప్రకాశం జిల్లాలోనూ తరాల తరబడి చూశాం.

కాబట్టి ఫ్లోరిన్ నీళ్ళున్న ఊళ్ళో ఎద్దు ఏ దెబ్బా లేకుండా బిగుసుకుపోతే పళ్ళు చూడండి. అక్కడే పుట్టి పెరిగిన పశువు పళ్ళ మీద గోధుమరంగు గార, గుంటలు ఉంటాయి. పెద్దయ్యాక కొనుక్కొచ్చిన పశువుకు పళ్ళు తెల్లగానే ఉండొచ్చు గానీ కీళ్ళు చెడతాయి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటితే మనుషులు తాగటానికి పనికిరాదు. కాచినా అది పోదు. ఎద్దు తాగిన బోరు నీళ్ళే కొట్టంలో పడుకునే పాలేరూ తాగుతాడు, వాడి పిల్లలూ తాగుతారు. ఎద్దు కాలి దగ్గర మొదలైన పరీక్ష ఊరి బోరు దాకా పోవాలి.

గుర్రానికో న్యాయం, ఎద్దుకో న్యాయం?

హైదరాబాదు మలక్‌పేటలో పరుగెత్తే గుర్రం కుంటితే చూడటానికి ప్రత్యేక డాక్టర్లుంటారు. ఎక్స్‌రే తీస్తారు. గుర్రాలకు కారణం అంతుబట్టకపోతే కింది నుంచి పైకి ఒక్కో చోట నరాన్ని మొద్దుబరుస్తూ, ఎక్కడ మొద్దుబరిస్తే కుంటు పోతుందో చూసి నొప్పి ఉన్న చోటును పట్టుకునే పద్ధతి ఉంది. అది శాస్త్రం, మంచిదే. ఆ శాస్త్రం ఆస్తిపరుల పందెపు గుర్రం దగ్గరే ఆగిపోవటం మీదే మన అభ్యంతరం. పొలం దున్నే ఎద్దుకు మిగిలింది కాల్చిన కడ్డీ!

ఏం చెయ్యాలి?

కుంటు కనపడిన మొదటి రోజే కాడి విప్పాలి. దెబ్బతిన్న పశువుతో పని చేయించటం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. యజమాని తోలమన్నా తోలనని చెప్పే హక్కు పాలేరుకు ఉంది, ఒంటరిగా చెప్పలేకపోతే సంఘం వెంట నిలబడాలి. ఎప్పుడు మొదలైంది, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, నాడాలు ఎప్పుడు కొట్టించారు, ఏ సూది వేశారు, ఈ నాలుగూ గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పాలి. 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవొచ్చు. ఆపరేషన్ అవసరమైతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో సర్జన్లున్నారు.

కానీ కుంటే ఎద్దును గన్నవరం దాకా తోలుకుపోయే స్తోమత ఎంతమందికి ఉంది? అందుకే మండల పశువైద్యశాలలో ఖాళీ పోస్టు ఉంటే నింపమని, చిప్ప ఆపరేషన్లకు ఊళ్ళ దగ్గరే శిబిరాలు పెట్టమని, పశువులు తాగే బోర్ల నీళ్ళను పరీక్ష చెయ్యమని రైతులూ కూలీలూ కలిసి అడగాలి. పాలేరు జీతంలో కోత పెట్టే ముందు డాక్టరు కాగితం చూపించమని కూడా అడగాలి. కుంటుకు కారణం గిట్టలోనో, మోకాట్లోనో, నీళ్ళలోనో ఉంటుంది. అక్కడ వెతకకుండా పాలేరు వీపు మీద వెతికితే దొరకదు.