ప్రార్థనలో ముందు వెనుకలు

బిడ్డకు జ్వరము వచ్చినను, వాన కురియకున్నను మన ప్రార్థన మన కోరికతోనే మొదలగును. అది దోషము కాదు. కాని యంతటితో నాగినచో ప్రార్థన బేరమగును.

మత్తయి సువార్త 6వ అధ్యాయమున క్రీస్తు శిష్యులకు నేర్పిన ప్రార్థనా క్రమమును పరికింపుడు. మొదటి మూడు మనవులును దేవుని నామమును, రాజ్యమును, చిత్తమును గూర్చినవి. ఆహారము నాలుగవది. పిమ్మటనే క్షమాపణమును, శోధననుండి రక్షణమును. అచ్చట ‘నాకు’ అను మాట లేదు. ‘మాకు’ అనియే కలదు. కావున తన యన్నము నడుగువాడు పొరుగువానికిని అడుగుచున్నాడు.

గెత్సేమనే తోటలో క్రీస్తు తన బాధ తొలగవలెనని దాచక వేడెను; తుదకు తండ్రి చిత్తమునకే తలయొగ్గెను. బాధ తొలగలేదు, ఆయన లేచి, తన్ను పట్టవచ్చినవారి కెదురుగా నడిచెను.

మీ కోరికను విడువ నక్కరలేదు. ముందు ఆ మూడింటిని పలికి, దానిని నాలుగవ స్థానమున నుంచుడు.