మూలికకు సరైన పేరు: రోగికీ, అడవికీ రక్ష

వానలు పడగానే చంపాపేట, కర్మన్‌ఘాట్ పరిసరాల ఖాళీ స్థలాలలో గలిజేరు నేలబారుగా అల్లుకొంటుంది. కాళ్ల వాపులకు పునర్నవ మంచిదని విన్నవారు దానిని పీకి కషాయం కాచుకొనుట కద్దు. అయితే గలిజేరు అనే పేరుతో మనకు రెండు వేర్వేరు మొక్కలు ఉన్నవని పాఠకులు గమనించాలి.

మొదటిది ఎర్ర గలిజేరు. దీనినే అటికమామిడి అని కూడా అంటారు. సాధారణంగా పునర్నవగా వాడేది ఇదే. సన్నని కాడల కొనలందు చిన్న చిన్న గులాబి రంగు పూలు గుత్తులుగా పూస్తాయి. జిగురుగా ఉండే కాయలు బట్టలకు అంటుకొంటాయి. రెండవది తెల్ల గలిజేరు. దీని ఆకులు కండగలవి. పువ్వు తొడిమ లేకుండా ఆకు మొదట ఒదిగి ఉంటుంది. మొదటిది కాగితం పూల తీగ కుటుంబానికి చెందినది. రెండవది వేరే కుటుంబానిది. వాడుక పేరు ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కానేరదు.

ఈ చిక్కును తీర్చేదే వర్గీకరణ శాస్త్రం. స్వీడన్ దేశస్థుడైన లిన్నేయస్ 1753లో ప్రతి మొక్కకూ రెండు పదాల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరచెను. దాని ప్రకారం ఎర్ర గలిజేరు బోర్హేవియా డిఫ్యూజా. తెల్ల గలిజేరు ట్రయాంథిమా పోర్చులకాస్ట్రం. బోర్హేవియా అనే పేరు డచ్చి వైద్యుడు బోర్హేవ్ గౌరవార్థం ఏర్పడినది. మన గోదావరి సీమలోని సామర్లకోటలో పనిచేసిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్, 1795 నుండి వెలువడిన తన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథంలో శాస్త్రీయ నామాలతోపాటు తెలుగు పేర్లనూ నమోదు చేసెను.

పేరు తారుమారైతే ఎంతటి అనర్థం వాటిల్లునో బెల్జియం దేశంలో 1990 దశకం ఆరంభంలో వెల్లడైనది. బరువు తగ్గుటకు ఇచ్చిన చైనా మూలికల మందులో, ఫాంగ్ జీ అనే ఉమ్మడి పేరు కారణంగా, స్టెఫానియా వేరుకు బదులు అరిస్టొలోకియా వేరు చేరినది. వందకు పైగా రోగుల మూత్రపిండాలు దెబ్బతిన్నవి. మన గాడిదగడప, ఈశ్వరి మొక్కలు కూడా ఆ అరిస్టొలోకియా ప్రజాతికి చెందినవే. కనుక వాటిని ఎవరో చెప్పారని లోపలికి పుచ్చుకొనరాదు.

ఈ నష్టం రోగితో ఆగదు. సుగంధిపాల విషయమే చూడండి. అసలు సుగంధిపాల సన్నని తీగ. వేర్లు కూడా సన్ననివే. నన్నారి షర్బత్తుకు వాడే లావైన మారెడు కొమ్ములు డెకాలెపిస్ హామిల్టొనీ అనే వేరొక తీగవి. రెండింటికీ వాసన ఒకటే. అందుచేత ఒకదాని బదులు మరొకటి అమ్ముడుపోతూ ఉంటుంది. డెకాలెపిస్ దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. నల్లమల, శేషాచలం కొండలలో వేర్లకై దానిని తవ్వినపుడు తీగ కూడా నశిస్తుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని అంతరించే ప్రమాదమున్న జాతిగా గుర్తించినది. అంగడి లెక్కలలో రెండూ సుగంధిపాలగానే నమోదైతే, అడవిలో ఏది తరిగిపోతున్నదో తెలిసేదెట్లా? పేరు లేని దానిని లెక్కించలేము. లెక్క తెలియని దానిని కాపాడలేము.

చరకసంహితలో మేకల కాపరులకు, గోపాలకులకు, వనవాసులకు ఓషధుల పేర్లు, రూపాలు తెలిసి ఉండునని పేర్కొనబడినది. ఆ జ్ఞానాన్ని శాస్త్రీయ నామంతో జతపరచుట నేటి అవసరం.

పాఠకులు పాటించదగిన జాగ్రత్తలు ఇవి. మూలికను ఎండిన ముక్కగా గాక, వీలైనంతవరకు పూత, కాయలతో కూడిన పూర్తి మొక్కగా చూచి గుర్తించండి. పొట్లం కొనునపుడు శాస్త్రీయ నామం ముద్రించి ఉన్నదో లేదో చూడండి. అనుమానం కలిగితే వృక్షశాస్త్ర అధ్యాపకులకు చూపించండి. ఉస్మానియా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగంలోను, హైదరాబాదులోని భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రంలోను మొక్కల నమూనాలను ఎండబెట్టి, పేర్లతో భద్రపరచుచున్నారు. మూత్రపిండ, హృద్రోగములు గలవారు వైద్యుని సలహా లేనిదే గలిజేరు కషాయం సేవించరాదు.

మొక్కను సరిగా గుర్తించిన పిమ్మటనే కషాయానికి పొయ్యి వెలిగించండి.